త్రోవ ఎరిగినవాడు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 10:29–36, యోహాను 16:13



ఇశ్రాయేలీయులు సీనాయి కొండయొద్దనుండి ప్రయాణము కట్టిన దినమున జరిగిన చిన్న సంగతి ఒకటి సంఖ్యాకాండము పదియవ అధ్యాయములో వ్రాయబడియున్నది. మనలో అనేకులము దానిని పైపైన చదివి ముందునకు సాగిపోవుదుము. మోషే తన మామ కుమారుడైన హోబాబును తమతో కూడ రమ్మని పిలిచెను. అతడు రానని, తన దేశమునకు, తన బంధువులయొద్దకు పోయెదనని చెప్పెను. మోషే అంతటితో ఊరకుండలేదు. తమ్మును విడువవద్దని అతని బతిమాలుకొనెను. అరణ్యములో ఎక్కడ దిగవలెనో హోబాబునకు తెలియును గనుక అతడు తమకు కండ్లుగా ఉండవలెనని కోరెను. దేవుడు తమకు దయచేయు మేలులో అతనికిని పాలు ఇత్తుమని మాట ఇచ్చెను.

ఇచ్చట మనకొక ప్రశ్న కలుగును. ఇశ్రాయేలీయులకు పగలు మేఘము గలదు, రాత్రి అగ్ని గలదు. నిబంధన మందసము వారికి ముందుగా నడచుచుండెను. ఇన్ని ఉండగా మిద్యానీయుడైన ఒక మనుష్యుని బతిమాలుకొనుట ఎందుకు? మోషేకు విశ్వాసము తక్కువైనదా?

అట్లు కాదని మేము తలంచుచున్నాము. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు ఆగవలెనో మేఘము చెప్పెను. ఆగినచోట ఏ ప్రక్కను గాలి తక్కువగా వీచునో, ఏ పల్లములో గొఱ్ఱెలకు మేత దొరకునో, ఏ పొదలు వంటచెరకునకు పనికివచ్చునో ఆ అరణ్యములో పుట్టి పెరిగినవానికి తెలియును. అతనికి ఆ జ్ఞానము ఇచ్చినవాడును దేవుడే. మేఘమును పంపిన దేవుడు హోబాబును కూడ ఆ చోట ముందుగానే ఉంచెను. అతని అడుగుటవలన మేఘమునకు అవమానము కలుగలేదు.

ఈ సంగతి బాగుగా గ్రహించుటకు మిమ్మును మిక్కిలి దూరమైన ఒక నదియొద్దకు తోడుకొని పోగోరుచున్నాము. కెనడా దేశములో ఉద్యోగములు చేసికొనుచున్న మన తెలుగు విశ్వాసులు కొందరు మమ్మును వెంటబెట్టుకొని పోగా, ఒక ఆగస్టు మాసములో మేము ఆ నదిని కన్నులార చూచితిమి. దాని పేరు పీల్ నది. అది కెనడా ఉత్తరపు కొనలో యూకాన్ ప్రాంతపు కొండలలో పుట్టి, మెకెంజీ అను మహానదిలో కలియును. మెకెంజీ నది ఉత్తర హిమసముద్రములో పడును. 1826లో ఆ తీరమునకు వచ్చిన ఫ్రాంక్లిన్ అను ఆంగ్లేయ నావికుడు ఇంగ్లండు దేశపు మంత్రియైన రాబర్ట్ పీల్ పేరు దానికి పెట్టెను. అయితే అంతకు ఎన్నో తరముల పూర్వమునుండియే గ్విచిన్ అను జనులు ఆ ఒడ్డులమీద కాపురముండిరి. నేటికిని ఉన్నారు. ఆ నదికి తమ భాషలో వారికి వేరు పేరు గలదు.

డాసన్ అను పట్టణము దగ్గరనుండి ఉత్తరముగా డెంప్‌స్టర్ రోడ్డు పోవును. 1979లో అది ప్రయాణములకు తెరువబడెను. దాదాపు అంతయు గులకరాళ్ల దారి. బయలుదేరినచోటినుండి సుమారు 370 కి.మీ. పోవువరకు పెట్రోలు దొరకదు, ఊరు కనబడదు. మరి కొంత దూరము పోగా భూమిమీద ఉత్తర ధ్రువ వలయపు గీత దాటుదుము. ఆ గీతకు ఆవల నడివేసవిలో సూర్యుడు అస్తమింపడు. నడిచలికాలములో ఉదయింపడు. అచ్చటి చెట్లు స్ప్రూస్ అనునవి. మన సముద్రతీరపు సరుగుడు మొక్కలవలె సన్నగా నిలిచియుండును. నేల అడుగున మన్ను ఏడాది పొడవునను గడ్డకట్టియే యుండుటచేత వాటి వేళ్లు లోతునకు దిగజాలవు. అందుచేత ఎన్నో చెట్లు ఒక ప్రక్కకు ఒరిగియుండును.

సుమారు 540 కి.మీ. ప్రయాణము చేసిన పిమ్మట పీల్ నది ఎదురగును. వంతెన లేదు. వేసవిలో ఇనుపమోకు పట్టుకొని నడచు పంటు మీద బండ్లను దాటింతురు. నరసాపురము రేవున గోదావరి దాటినవారికి పంటు క్రొత్త కాదు. చలికాలములో పంటు అక్కరలేదు. నది గట్టిపడి, ఆ మంచుగడ్డ మీదనే లారీలు నడచును. మేము చూచిన దినమున నీరు బురదరంగుతో, వరదనాటి గోదావరివలె ఉండెను. ఒడ్డున నిలిచి ఎగువకు చూడగా కొండలు, అడవి, నీరు తప్ప మరి ఏమియు కనబడలేదు. పొగ లేదు, గుడి గోపురము లేదు, పొలము గట్టు లేదు. ఆ ఎగువను హార్ట్, విండ్, బానెట్ ప్లూమ్, స్నేక్ అను ఉపనదులు పీల్ నదిలో కలియును. ఈ నదులన్నిటికి నీరు వచ్చు ప్రదేశము సుమారు 67,000 చ.కి.మీ. అనగా తెలంగాణ రాష్ట్రములో సగమునకు మించినది. అంతటి నేలలో ఆ ఒక్క గులకరాతి దారి తప్ప పెద్ద దారి లేదు. ఒక వాగు మరియొక వాగువలెనే ఉండును. ఒక లోయ మరియొక లోయవలెనే ఉండును.

నదిని దాటి కొద్ది మైళ్లు పోగా ఫోర్ట్ మెక్‌ఫర్సన్ అను చిన్న ఊరు గలదు. అచ్చటి దేవాలయపు ఆవరణములో నాలుగు సమాధులున్నవి. ఆ నలుగురు ఏల చనిపోయిరో మీకు చెప్పవలెనని ఈ మాటలు వ్రాయుచున్నాము.

రోడ్డు లేని ఆ దినములలో గుఱ్ఱపు పోలీసు దళమువారు ప్రతి చలికాలమునను కుక్కలు లాగు బండ్లతో ఆ ఊరికిని డాసన్‌కును నడుమ ఉత్తరములు మోసికొనిపోవువారు. అది సుమారు 750 కి.మీ. దూరము. 1910 డిసెంబరు 21వ తేదీన ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ అను ఇన్‌స్పెక్టరు ముగ్గురు మనుష్యులతోను, 15 కుక్కలతోను, మూడు బండ్లతోను ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుండి బయలుదేరెను. వెంటవచ్చినవారు కిన్నీ, టేలర్ అను ఇద్దరు పోలీసులు, మునుపు పోలీసుగా నుండిన కార్టర్. ఫిట్జెరాల్డ్ పిరికివాడు కాడు, చలి ఎరుగనివాడు కాడు. ఉత్తర దేశములో ఎన్నో ఏండ్లు పనిచేసినవాడు. మరుసటి వేసవిలో లండను నగరములో జరుగనున్న అయిదవ జార్జి రాజుగారి పట్టాభిషేకమునకు పోవుటకు అతడు ఏర్పరచబడెను. బండ్లు తేలికగా నుండి త్వరగా చేరవలెనని అలవాటుకంటె తక్కువ ఆహారము తీసికొనెను.

త్రోవ చూపుటకు కార్టర్‌ను నమ్ముకొనిరి. కార్టర్ ఆ త్రోవను ఒక్కసారి మాత్రమే నడిచెను. అదియు నాలుగేండ్ల క్రిందట, ఎదురు దిక్కునుండి. డాసన్‌నుండి వచ్చునప్పుడు కుడిచేతి ప్రక్కనున్న కొండ, డాసన్‌కు పోవునప్పుడు ఎడమచేతి ప్రక్కకు వచ్చును. మన ఊరి పొలిమేరలోనైనను చీకటిలో ఎదురు దిక్కునుండి వచ్చినయెడల మన చింతచెట్టును మనమే గుర్తుపట్టలేము గదా.

దారిలో గ్విచిన్ జనుల గుడారములు తగిలెను. అక్కడ ఈసా జార్జి అను గ్విచిన్ మనుష్యుని కొద్ది దినములకు కూలికి కుదుర్చుకొనిరి. అతడు ముందు నడచి వారిని నడిపించెను. 1911 జనవరి 1వ తేదీన అతనికి కూలి ఇచ్చి పంపివేసిరి. మిగిలిన త్రోవ తమకు తెలియునని అనుకొనిరి.

ఆ పిమ్మట వారు లిటిల్ విండ్ అను ఏటిమీదుగా పోయి, ఫారెస్ట్ క్రీక్ అను ఒక వాగు నోటియొద్ద మలుపు తిరుగవలసియుండెను. ఆ వాగు వారికి దొరకలేదు. ఒక వాగులోనికి పోయి చూచిరి, అది కాదు. మరియొకదానిలోనికి పోయి చూచిరి, అదియు కాదు. చలి సున్నకు దిగువ 40 డిగ్రీలు దాటెను. పిండి తరుగుచుండెను. కార్టర్ త్రోవ తెలియునని చెప్పిన మాట తాను నమ్మియుండవలసినది కాదని ఫిట్జెరాల్డ్ తన దినచర్య పుస్తకములో వ్రాసికొనెను. జనవరి 18వ తేదీన వెనుకకు తిరిగిరి. ఆహారము లేక, బండి లాగు కుక్కలనే ఒక్కొక్కటిగా చంపి తినిరి. ఫిబ్రవరి 5వ తేదీతో ఆ దినచర్య నిలిచిపోయినది. నలుగురును దారిలోనే చనిపోయిరి. కిన్నీ, టేలర్ అనువారి శవములు ఊరికి 55 కి.మీ. దూరములో దొరికెను. ఫిట్జెరాల్డ్, కార్టర్ అనువారివి 40 కి.మీ. దూరములో దొరికెను. ఫిట్జెరాల్డ్ తన వస్తువులన్నియు తన తల్లికి చెందవలెనని ఒక కాగితముమీద బొగ్గుతో వ్రాసి, దైవాశీర్వాదము పలికి కన్నుమూసెను.

ప్రియులారా, ఆ సమాధులయొద్ద నిలిచినప్పుడు ఆ మనుష్యులను నిందించుటకు మాకు నోరు రాలేదు. వారు ధైర్యవంతులు. ఆకలిలోను, చలిలోను నెల దినములకు మించి ఒకరినొకరు విడువక నడిచిరి. అయినను ఈ ఒక్క సంగతి మాత్రము మేము మరువజాలకున్నాము. త్రోవ ఎరిగినవాడు వారియొద్దనే యుండెను. వారితో నడిచెను, వారితో చలి కాచుకొనెను. జనవరి 1వ తేదీన అతని కూలి లెక్కకట్టి పంపివేసిరి.

అదే ఏట, అదే త్రోవలో మరియొక గుంపు నడిచెను. ఉత్తరములు రాకపోవుటచేత డాసన్‌లోని అధికారులు ఫిబ్రవరి 28వ తేదీన డెంప్‌స్టర్ అను కార్పొరలును వెదకుటకు పంపిరి. ఇప్పటి రోడ్డు అతని పేరుమీదనే యున్నది. అతడు వెంట తీసికొనిపోయినవారిలో చార్లీ స్టూవర్ట్ అను గ్విచిన్ మనుష్యుడు ఒకడు. డెంప్‌స్టర్ అతని తుదివరకు పంపివేయలేదు. మార్చి 21, 22 తేదీలలో చనిపోయినవారిని కనుగొని, ఆ గుంపువారందరు క్షేమముగా ఫోర్ట్ మెక్‌ఫర్సన్ చేరిరి. ఆ నది అదే, ఆ కొండలు అవే, ఆ మంచు అదే.

దేవుని సేవకులకును ఆ నదియొద్ద పాఠములు తప్పలేదు. ఐజాక్ స్ట్రింగర్ అను ఆంగ్లికన్ సంఘపు బిషప్పుగారు 1892లోనే ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు వచ్చి సువార్త ప్రకటించినవారు. 1909 సెప్టెంబరులో ఆయన జాన్సన్ అను ఒక తోటి ప్రయాణికునితో ఆ ఊరినుండి బయలుదేరి కొండలు దాటి పోవుచుండగా నీరు గడ్డకట్టి పడవ కదలలేదు. వారు కాలినడకను వెనుకకు తిరిగిరి. పొగమంచులో దారి తప్పిరి. తినుటకు ఏమియు మిగులక, తమ కాళ్లకున్న సీలు తోలు బూట్లను ఉడకబెట్టి, కాల్చి తినిరి. అక్టోబరు మాసములో ఎముకలగూడులై పీల్ నది ఒడ్డునకు వచ్చిచేరగా, అచ్చటి గ్విచిన్ జనులు వారిని లోపలికి తీసికొని, చేపలు పెట్టి బ్రతికించిరి. ఆయన బరువు 50 పౌనులు తగ్గెను. బిషప్పుగారు ఆ జనులకు జీవాహారమును బోధించినవారు. ఆ దినమున ఆయన వారి చేతి ముద్దకొరకు కాచుకొనెను. మెలితే ద్వీపములో ఓడ పగిలిన పౌలునకు అచ్చటివారు నిప్పు రాజబెట్టి చేర్చుకొన్న సంగతి మీరెరుగుదురు.

స్ట్రింగరుగారికంటె ముందు ఆ సీమలో రాబర్ట్ మెక్‌డొనాల్డు అను పాదిరిగారు పనిచేసిరి. ఆయన 1862లో ఆ ఉత్తర దేశమునకు పోయి, ఆ జనులమధ్య దాదాపు జీవితమంతయు గడిపెను. జూలియా కుటుక్ అను గ్విచిన్ స్త్రీని పెండ్లాడెను. పరిశుద్ధ గ్రంథమంతటిని గ్విచిన్ భాషలోనికి మార్చెను. 1898లో బైబిలు సొసైటీవారు దానిని అచ్చువేసిరి. ఇంతటి పని ఆయన ఒక్కడే గదిలో కూర్చుండి చేసినది కాదు. భార్యయొద్దను, వేటగాండ్రయొద్దను, ముసలివారియొద్దను ఒక్కొక్క మాట నేర్చుకొనెను. కృప అను మాటకు, పాపము అను మాటకు వారి నోట ఏ పలుకు గలదో అడిగి తెలిసికొనవలసివచ్చెను. ఆ జనులకు ఆయన గురువు. వారి భాష విషయములో ఆయన వారి శిష్యుడు. ఆ బైబిలును గ్విచిన్ బోధకులే గుడారమునుండి గుడారమునకు మోసికొనిపోయి చదివి వినిపించిరి.

ఇది మనకు క్రొత్త కథ కాదు. అదే కెనడా దేశమునుండి బాప్టిస్టు మిషను పక్షముగా మెక్లారిన్ దొరగారు 1874లో కాకినాడ వచ్చిరని మన పెద్దలు చెప్పుదురు. ఆయన రాకమునుపే థామస్ గేబ్రియేలు అను తెలుగువాడు ఆ ప్రాంతములో సువార్త పని ఆరంభించియుండెను. ఆయన పిలుపువలననే ఆ మిషనువారి చూపు కాకినాడవైపు తిరిగెను. మిషనరీలను తలంచుకొను దినమున దొరలతో కూడ గేబ్రియేలువంటివారిని కూడ తలంచుకొనుచున్నామా? మన సంఘముల మొదటి త్రోవలు నడిచిన బైబిలు స్త్రీలను, గ్రామ బోధకులను తలంచుకొనుచున్నామా? వారిలో ఎందరి పేర్లో సంఘపు పుస్తకములోనైన లేవు.

పీల్ నది సంగతి ఇంకొకటి చెప్పెదము. ఆ ఎగువ కొండలలో గనులు త్రవ్వవలెనని కొందరు కోరిరి. ఆ నేలను ఎట్లు కాపాడవలెనో ఏండ్ల తరబడి కూర్చుండి, స్థానిక జనులతో మాటలాడి ఒక పథకము సిద్ధము చేయబడెను. యూకాన్ ప్రభుత్వము ఆ పథకమును ప్రక్కకు పెట్టి 2014లో తనదైన మరియొక పథకము తెచ్చెను. అచ్చటి జాతులవారు న్యాయస్థానమునకు పోయిరి. 2017 డిసెంబరు 1వ తేదీన కెనడా సుప్రీముకోర్టు ప్రభుత్వము చేసినది చెల్లదని తీర్పు చెప్పెను. 2019 ఆగస్టులో ప్రభుత్వమును ఆ జాతుల నాయకులును కలిసి చేవ్రాలు చేసిన పథకము ప్రకారము ఆ ప్రదేశములో నూటికి 83 వంతులు కాపాడబడుచున్నది. అది అంతయు శాశ్వతముగా కాదు. కొంత భాగము మరల విచారింపబడును. అయినను ఒకప్పుడు కొద్ది దినముల కూలికి పిలిచి పంపివేయబడిన జనులు ఈ దినమున ఆ నదిని గూర్చిన ఆలోచనలో కూర్చుండుచున్నారు.

ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో మేము కలిసికొన్న ఒక పెద్దాయన మాకు పొగలో ఎండబెట్టిన చేప పెట్టెను. మన ఎండుచేపలు ఎరిగిన నోటికి అది పరాయి రుచి అనిపించలేదు. నదిమీద మంచు గట్టిపడినదని ఎట్లు తెలియునని అడిగితిమి. తండ్రి నడిచినచోటనే నడుతుననియు, అయినను ప్రతి ఏట కఱ్ఱతో పొడిచి చూడనిదే అడుగు వేయననియు, ఇప్పటి మంచు మునుపటివలె లేదనియు ఆయన చెప్పెను. డెబ్బది ఏండ్లు ఆ ఒడ్డున గడిపినవాడు ఇంకను కఱ్ఱతో పొడిచి చూచుచున్నాడు. ఒక్కసారి నడిచిన కార్టర్ నాకు తెలియునని చెప్పెను. ఈ రెంటికి గల భేదమును మీరే ఆలోచించుడి.

ఇప్పుడు మన సంఘములకు, మన ఇండ్లకు వత్తము.

మన ఊరి వాగు పొంగినప్పుడు మనము ఏమి చేయుదుము? లోతు ఎక్కడనో, ఇసుక ఎక్కడ క్రుంగునో గొల్లవానిని అడుగుదుము, చేపలు పట్టువానిని అడుగుదుము. ఆ వేళ అతడు ఎంత చదివెనని ఎవరును అడుగరు. ఏ పేటవాడని అడుగరు. అతని వెనుక అడుగులో అడుగు వేయుదుము. ఒడ్డు చేరిన మరుక్షణమున అతడు మనకు ఎవడో అయిపోవును. పెండ్లి పందిటిలో అతని పంక్తి వేరగును. ప్రియులారా, ఇది ఫిట్జెరాల్డ్ చేసిన లెక్కయే. కొద్ది దినముల కూలి, ఆ మీదట వీడ్కోలు.

మోషే హోబాబుతో అట్లు మాటలాడలేదు. కూలి ఇంత అని బేరమాడలేదు. దేవుడిచ్చు మేలులో పాలు ఇత్తుమని చెప్పెను. హోబాబు వచ్చెనో లేదో ఆ అధ్యాయము చెప్పదు. అయితే న్యాయాధిపతుల గ్రంథము మొదటి అధ్యాయములోను, నాలుగవ అధ్యాయములోను చూచినయెడల, మోషే మామ సంతతివారైన కేనీయులు యూదావారితో కూడ పోయి ఆ దేశములో నివసించినట్లు కనబడును. త్రోవ చూపిన ఇల్లు స్వాస్థ్యములో పాలు పొందిన ఇల్లాయెను. మన సంఘములో త్రోవ చూపినవారికి పాలు దొరకుచున్నదా?

మా యౌవనస్థులతో ఒక మాట. మీరు హైదరాబాదునకు పోవుచున్నారు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. పోవలదని మేము చెప్పము. పొట్టకూటికి పోకతప్పదు. అయితే ఏజెంటు చూపిన కాగితముమీద చేవ్రాలు చేయకమునుపు, ఆ దేశమునకు పోయి నష్టపడి తిరిగివచ్చిన మీ పెదనాన్న కుమారుని ఒక దినము ఇంటికి పిలిచి అడిగితిరా? సెల్‌ఫోనులో నిమిషములో దొరకు అప్పు తీసికొనకమునుపు, ఆ అప్పువలన పొలము పోగొట్టుకొన్న ఇంటివారిని అడిగితిరా? ఓడిపోయినవాని మాట మనకు ఏలయని అనుకొందుము. ఏ వాగు తప్పు వాగో ఎరిగినవాడు దానిలోనికి పోయి వచ్చినవాడే గదా. నాయనా, అతని అడుగుట నీకు చిన్నతనము కాదు.

సంఘపు పెద్దలతో ఒక మాట. మన కూడికలో వెనుక వరుసలో, గోడకు ఆనుకొని కూర్చుండు ముసలి విధవరాలు ఒకతె యుండును. ఆమెకు చదువు రాదు. కరవు ఏండ్లలో బిడ్డలను పెంచినది. భర్త త్రాగుడును భరించి, ప్రార్థించి, అతని చివరి దినములలో ప్రభువునొద్దకు నడిపించినది. నేడు మన సంఘములో క్రొత్తగా పెండ్లియైన ఒక బిడ్డ అదే త్రోవలో ఏడ్చుచు నడచుచున్నది. ఆమెను ఆ విధవరాలియొద్దకు ఎవరైన పంపితిరా? సంఘపు తగవులలో, కట్టడపు పనులలో, చందాల లెక్కలలో అటువంటి అమ్మల ఆలోచన ఎన్నడైన విన్నామా? సజీవమైన కండ్లు దేవుడు మన మధ్యనే ఉంచగా, మనము కన్నులు మూసికొని వాగు వాగును వెదకుచున్నాము.

సంఘ కాపరులతోను ఒక మాట. మేమును మీలోనివారమే గనుక ఇది మాకును చెప్పుకొనుచున్నాము. గ్రామమునకు క్రొత్తగా వచ్చిన కాపరి మొదటి ఆరు నెలలు ఎక్కువగా అడుగవలెను, తక్కువగా ఆజ్ఞాపింపవలెను. వాక్యము మనయొద్ద గలదు, మేఘము మనకు ముందుగా నడచుచున్నది. నిజమే. అయినను ఏ ఇంట ఏ గాయమున్నదో, ఏ ఇద్దరు అన్నదమ్ములకు ఏ గట్టుమీద మాటలు నిలిచిపోయెనో ఆ ఊరివారికే తెలియును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు చెప్పుచున్నాము. మనుష్యులు ఎంత త్రోవ ఎరిగినవారైనను, మరణము అను నదియొద్ద వారి ఎరుక నిలిచిపోవును. ఆ నదిలో దిగి, ఆవలి ఒడ్డున లేచి, మరల వచ్చి మనలను పిలిచినవాడు ఒక్కడే గలడు. ఆయన మన ప్రభువైన యేసుక్రీస్తు. ఆయన వెళ్లినప్పుడు మనలను అనాథలుగా విడువలేదు. సత్యమంతటిలోనికి నడిపించు ఆత్మను పంపెదనని యోహాను సువార్త పదునారవ అధ్యాయములో మాట ఇచ్చెను. ఆ ఆత్మతో మనము ఎట్లు వ్యవహరించుచున్నాము? జబ్బు వచ్చిన దినమున పిలుతుము. పరీక్ష వ్రాయు దినమున, కోర్టు వాయిదా దినమున, ఆడపిల్ల పెండ్లి కుదిరించు దినమున పిలుతుము. కొండ దాటినట్లు తోచగానే కానుకపెట్టెలో కొంత వేసి, ఇక త్రోవ మాకు తెలియునని చెప్పి పంపివేయుదుము. కానుక కూలి కాదు. దేవుని ఆత్మ దినకూలికి కుదురు మనిషి కాడు. ఆయన మనతో కాపురముండుటకు వచ్చెను.

మనలో ఎవరైన ఈ మాటలు చదువుచు, త్రోవ తప్పితినని ఇదివరకే గ్రహించియున్నారేమో. ఆ వాగు దొరకక, ఆహారము తరిగిపోయి, చలిలో నిలిచియున్నారేమో. అయ్యా, అమ్మా, తిరుగుటకు సిగ్గుపడవద్దు. ఆ నలుగురు తిరిగిరి గాని, ఎదురుగా వచ్చి చేయిపట్టుకొనువాడు వారికి దొరకలేదు. మన సంగతి అట్లు కాదు. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుచు కాపరి తానే బయలుదేరెను. నీవు తిరిగిన ఆ చోటనే ఆయన నీకు ఎదురగును.

ఈ మాసములో ప్రతి ఇంటివారును ఒక పని చేయవలెనని కోరుచున్నాము. మీరు ఒకప్పుడు ఎవరి త్రోవ చూపుమీద నడిచి, పిమ్మట వారిని మరచితిరో తలంచుకొనుడి. మీకు అక్షరములు నేర్పిన ఆదివారపు బడి పంతులమ్మ కావచ్చును. మొదట మిమ్మును దేవాలయమునకు చేయిపట్టి తీసికొనివచ్చిన పనిమనిషి కావచ్చును. తోడికోడలు కావచ్చును, పాలేరు కావచ్చును. ఒక సాయంకాలము వారి ఇంటికి పోయి కూర్చుండుడి, లేదా వారిని మీ ఇంటికి పిలిచి మీ పంక్తిలో భోజనము పెట్టుడి. వారిని ఇంకను అడుగవలసినదేమైన మిగిలియున్నయెడల అడుగుడి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, అరణ్యములో నీ జనమునకు మేఘమును ఇచ్చితివి, హోబాబును కూడ చూపితివి. నాకు తెలియునను గర్వమునుండి మమ్మును తప్పించుము. మేము చిన్నవారని ఎంచిన నీ బిడ్డల మాట వినుటకు మాకు చెవులిమ్ము. నీ ఆత్మను మేము ఒక్క దినమైన పంపివేయక, ఆవలి ఒడ్డు చేరువరకు ఆయన వెనుక నడచునట్లు సహాయము చేయుము. దూరదేశములలో బ్రతుకుతెరువునకు పోయిన మా బిడ్డలకు త్రోవ ఎరిగిన మంచివారిని ఎదురుపంపుము. మాకు ముందుగా నడచిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.